గోధుమరంగు చుక్కలు

మా నాన్న కొత్తగూడెం బజారులో మేకమాంసం దుకాణం నడిపాడు. నేను ఎలుకల కార్జాలు కోస్తాను. మా ఖాందాన్‌లో రెండు తరాల్లో జరిగిన అభివృద్ధి ఇంతే. ఆయన కోసింది జనం వండుకుని తిన్నారు, కడుపునిండా దువా చేశారు. నేను కోసింది గాజు పలక మీద అంటించి మైక్రోస్కోప్ కింద పెట్టుకుంటారు, చూసి పేపర్లు రాసుకుంటారు. నా పేరు మజహర్. కొత్తగూడెం నుంచి ఏన్కూరు పోయే దారిలో, అడవి అంచున ఉన్న ఒక ప్రైవేటు ఫార్మసీ కాలేజీలో ఇరవై రెండేళ్లుగా ల్యాబ్ టెక్నీషియన్‌ని. కాలేజీ పేరు చెప్పను. చెప్పుకునేంత గొప్ప పని నేనక్కడ చేయలేదు.

కాలేయానికి ఒక గుణం ఉంది. ఎలుక కాలేయంలో మూడింట రెండు వంతులు కోసి తీసేసినా, మిగిలిన వంతు వారం పది రోజుల్లో పెరిగి పాత బరువుకు వచ్చేస్తుంది. చెయ్యి తెగితే చెయ్యి రాదు, కన్ను పోతే కన్ను రాదు, కార్జం మాత్రం వస్తుంది. ఏదైనా మందు కాలేయానికి మంచిదని చెప్పాలంటే ఆ పెరుగుదల ఎంత జోరుగా ఉందో కొలిచి చూపించాలి. దానికి కాలేయాన్ని మైనంలో దిమ్మగా పోసి, ఉల్లిపొర కన్నా పలుచగా కోసి, రంగు వేస్తాం. పెరిగే పనిలో ఉన్న కణం మధ్యలో గోధుమరంగు చుక్క కనిపిస్తుంది. ఊరికే కూర్చున్న కణంలో నీలం చుక్క. నూరింటిలో ఎన్ని గోధుమ చుక్కలున్నాయో అదే లెక్క. ఆ లెక్క పెట్టేవాణ్ని నేను. ఎడమ చేతిలో టిక్కుటిక్కుమనే చిన్న కౌంటరు పట్టుకుని, ఒక్కో స్లైడుకు రెండేసి వేల చుక్కలు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఓపిగ్గా వినండి, జరిగిన పాపమంతా ఇందులోనే ఉంది. గోధుమరంగు చుక్కల్లో రెండు రకాలుంటాయి. పెద్దగా, గుండ్రంగా, దూరదూరంగా ఉండేవి కాలేయం సొంత కణాలవి. చిన్నగా, ముదురుగా, గుంపుగా ఉండేవి కాలేయానివి కావు. అవి నెత్తుటిలోంచి వచ్చినవి. ఒంట్లో ఎక్కడ దెబ్బ తగిలినా, ఎక్కడ విషం సోకినా అక్కడికి ఉరికొచ్చి, అక్కడే ఒకటి రెండై, రెండు నాలుగై పోగవుతాయి. పెరిగేవే కనుక వాటికీ గోధుమరంగే పడుతుంది. ఇంట్లో ఎంతమంది ఉన్నారని లెక్క రాసుకునేవాడు చావు చూడటానికొచ్చిన చుట్టాలను కూడా కలిపి రాసుకోకూడదు. నేను పెద్దవాటికే కౌంటరు నొక్కేవాణ్ని. చిన్నవి వస్తే నా బొటనవేలు దానంతటదే ఆగేది. ఈ సంగతి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు, ఏ రిజిస్టరులోనూ రాయలేదు. ఇరవై రెండేళ్లు ఆ తెలివి నా బొటనవేలిలోనే ఉంది.

హీరాలాల్ ఎలుకలను చూసుకునే మనిషి. ఏన్కూరు దగ్గరి తండా వాళ్లది. నాకన్నా ఆరేళ్లు చిన్న. ఎలుకలకు గడ్డి మార్చడం, మేత వేయడం, కోతకు ముందు ఒక్కోదాన్ని అరచేతిలో పెట్టుకుని నిమరడం వాడి పని. పందొమ్మిదేళ్లు ఒకే బల్ల మీద టిఫిన్ డబ్బాలు విప్పుకున్నాం. వాడి డబ్బాలో జొన్నరొట్టె నేను తినేవాణ్ని, నా డబ్బాలో ఖీమా వాడు తినేవాడు. వాడి భార్య లాలి అంగన్‌వాడీ టీచరు. నోరు గట్టిది, చెయ్యి మెత్తనిది. రెండేళ్ల కింద రక్తపరీక్షల క్యాంపు పెట్టినప్పుడు లాలికి కాలేయంలో పాత వైరస్ ఉందని, కాలేయం అప్పటికే కొంచెం గట్టిపడిందని తేలింది. రోజూ ఒక గోలీ వేసుకోమన్నారు, ఆరునెలలకోసారి రమ్మన్నారు. వేసుకునేది, వెళ్లేది. వాళ్ల కూతురు కళ్యాణి ఖమ్మంలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది.

హీరాలాల్ తల్లి గోరి కామెర్లకు వేరు ఇచ్చేది. ఆ వేరు పేరు కూడా చెప్పను, ఇప్పటికే తవ్వుకుపోయినవాళ్లు చాలామంది. దుమ్ముగూడెం నుంచి కూడా ఆమె దగ్గరికి వచ్చేవారు. ఆమెకొక కట్టడి ఉండేది. పరగడుపున, మజ్జిగలో, మూడే పొద్దులు. నాలుగో పొద్దు ఎంత బతిమాలినా ఇచ్చేది కాదు. ఒకసారి ఎవరో ఆసామి గట్టిగా అడిగితే కట్టె పట్టుకుని వాకిట్లోంచి తరిమింది. ఎందుకు మూడే అంటే ఆమె చెప్పలేదు. ఆమెకు ఆమె తల్లి కూడా చెప్పి ఉండదు. నిరుడు వేసవిలో గోరి చనిపోయింది. కట్టె పట్టే మనిషి లేకుండాపోయింది.

ఆ వేరును కాలేజీకి తెచ్చింది హీరాలాలే. మా ప్రొఫెసర్ ఆతియా మేడం ఖమ్మం కిల్లా దగ్గర పాత వ్యాపారుల కుటుంబం నుంచి వచ్చిన మనిషి, పని రాక్షసి, చెడ్డది కాదు. ఆమె వేరును చూసి, వాసన చూసి, ఎలుకలకు ఇరవై ఒక్క రోజులు తాగిద్దామంది.

"మా యాడి మూడు పొద్దులే ఇచ్చేది మేడం," అన్నాడు హీరాలాల్. యాడి అంటే వాళ్ల మాటలో అమ్మ.

"అది నమ్మకం హీరాలాల్. మూడు రోజుల మందుకు పేపర్ ఎవరు వేస్తారు? ఇరవై ఒకటి అంటేనే లెక్క," అంది మేడం. హీరాలాల్ నా వైపు చూశాడు. నేను భుజాలెగరేశాను. ఎలుకలు తాగితే నాదేం పోయింది.

ఆ శ్రావణంలోనే కాలేజీకి కొత్త మిషన్ వచ్చింది. స్లైడు పెడితే ఫోటో తీసి, చుక్కలన్నీ తనే లెక్కపెట్టి నూటికి ఇంత అని చెప్పే కంప్యూటర్. దాన్ని తెచ్చింది అద్నాన్ అనే హైదరాబాద్ ఇంజనీరు. మంచి బట్టలు, మంచి అత్తరు, నోటినిండా నవ్వు. మిషన్‌కు మొదట ఎవరో ఒకరు నేర్పాలట. తెర మీద ఆరువేల చుక్కలకు గుర్తులు పెట్టి చూపిస్తే, అది చూసి నేర్చుకుని తర్వాత సొంతంగా చేసుకుంటుందట. ఆ గురువుగిరీ నాకిచ్చారు. ఎవడి కుర్చీ తీసేయాలనుకుంటారో వాడి చేతే కుర్చీ తుడిపించడం పెద్ద సంస్థల్లో మామూలే.

"సింపుల్ అంకుల్. గోధుమరంగు ఉంటే క్లిక్ కొట్టండి, నీలం ఉంటే వదిలెయ్యండి. మీరు మూడు రోజులు చేసే పని ఇది నాలుగు నిమిషాలల్ల చేస్తది," అన్నాడు అద్నాన్.

"ఇంకేం, మజహర్ భాయ్ ఆరాముగా ఇంటికాడ కూచోవచ్చు," అని మేడం నవ్వింది. వాళ్లతోపాటు ఇద్దరు పీజీ పిల్లలు కూడా నవ్వారు. నేనూ నవ్వాను. నా నవ్వు ఎలా ఉండిందో నాకు తెలియదు కానీ నా చెవులు కాలిపోయాయి.

ఆరువేల చుక్కలకు గుర్తులు పెట్టాను. నాలుగు రోజులు పట్టింది. మొదటి గంటలోనే తెర మీద చిన్నవాటి గుంపు ఒకటి వచ్చింది. నా బొటనవేలు ఆగింది. ఆగిన వేలిని నేనే కదిపాను. క్లిక్. ఇంకోటి. క్లిక్. వీళ్ల మిషన్ పదిమంది ముందు తప్పు కూయనీ, అప్పుడు మజహర్ భాయ్ ఎక్కడ అని వెతుక్కుంటూ రానీ అనుకున్నాను. ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. పళ్లు కొరుకుతూ, ఒక్కటి వదలకుండా, చిన్నవాటన్నిటికీ పెద్దవాటి గుర్తే పెట్టాను.

చివరి రోజు అద్నాన్ నా పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని అడిగాడు. నిజంగా, మర్యాదగా అడిగాడు. "అంకుల్, ఇందులో స్పెషల్ ఏమన్న ఉన్నయా? గోధుమరంగు ఉన్నా లెక్కల వేసుకోవద్దనేటివి?"

"ఏం లేవు," అన్నాను.

ఆ రెండు మాటలు ఈ కథలో నా సంపాదన.

మిషన్ సరిగా నేర్చుకుందా లేదా చూడటానికి మేడం ఒక పరీక్ష పెట్టింది. మందు తాగని ఎలుకల స్లైడ్లు ముప్పై తీసి, నా చేతి లెక్కను, మిషన్ లెక్కను పక్కపక్కన పెట్టింది. నూటికి తొంభై ఏడు కలిశాయి. చప్పట్లు కొట్టారు. కలవక ఏం చేస్తాయి? మందు తాగని ఎలుకల కాలేయంలో చిన్నవి ఎక్కడో ఒకటీ రెండూ తప్ప ఉండవు. ఆ మాట తెలిసినవాణ్ని ఆ గదిలో నేనొక్కణ్నే. నేనూ చప్పట్లు కొట్టాను.

ఆశ్వయుజంలో అసలు లెక్క వచ్చింది. మందు తాగని ఎలుకలకు నూటికి పద్నాలుగు. గోరి వేరు ఇరవై ఒక్క రోజులు తాగిన ఎలుకలకు నూటికి నలభై ఒకటి. మేడం ఆ అంకె చూసి కుర్చీలోంచి లేచి నిలబడింది. హీరాలాల్ లోపలికొచ్చి తెరను చేత్తో తాకి, ఆ చెయ్యి కళ్లకద్దుకుని ఏడ్చాడు. "మా యాడికే తెల్వలే భాయ్, దాని బలమేందో. మూడు పొద్దులిచ్చి ఆపేసేది, పిచ్చిది," అన్నాడు.

ఆ మధ్యాహ్నం అందరూ మిఠాయి తింటుంటే నేను ఆ స్లైడ్లు పాత మైక్రోస్కోప్ కింద పెట్టి చూశాను. నెత్తుటి గొట్టాల చుట్టూ చిన్నవి ఇసకేస్తే రాలనట్టు ఉన్నాయి. పెద్దవి చాలాచోట్ల వాడిపోయి, కొన్నిచోట్ల చచ్చిపోయి ఉన్నాయి. పెద్దవాటిలో గోధుమ చుక్క నూటికి ఆరు కూడా లేదు. అది మందు తాగిన కాలేయం కాదు, విషం తాగిన కాలేయం. మూడు పొద్దులకు మందు, ఇరవై ఒక్క పొద్దులకు విషం. గోరి కట్టె ఎందుకు పట్టిందో నాకు అర్థమైంది.

చెప్పి ఉండవచ్చు. లేచి, పది అడుగులు నడిచి, మేడం గది తలుపు తట్టి చెప్పి ఉండవచ్చు. ఇంకొన్నాళ్లు ఆగుదామనుకున్నాను. ఈ పేపర్ పెద్దవాళ్ల దగ్గరికి పోతుంది, వాళ్లలో ఎవడో ఒకడు స్లైడు చూసి ముక్కు మీద వేలేసుకుంటాడు, అప్పుడు మిషన్ పరువు పోతుంది, నేను మాత్రం పెదవి విప్పకుండా గెలుస్తానని కలలు కన్నాను. ఎవడూ స్లైడు చూడలేదు. అందరూ అంకె చూశారు. పేపర్ అచ్చయింది. అందులో నా పేరు కూడా వేశారు, చుక్కలు గుర్తించిన నిపుణుడట. ఆ కాయితం నా భార్య ఖమరున్నీసా దస్తీలో చుట్టి బీరువాలో పెట్టుకుంది.

హీరాలాల్‌తో మాత్రం రోజూ సణిగేవాణ్ని. ఆ మిషన్ గుడ్డిది, ఆ మిషన్ దొంగది, దాని మాట నమ్మొద్దు అనేవాణ్ని. ఎందుకు నమ్మొద్దో మాత్రం చెప్పేవాణ్ని కాదు. వాడు నవ్వేవాడు. "నీకది సవతి లెక్క అయింది భాయ్," అనేవాడు. దీపావళికి వాళ్ల తండాకు పిలిస్తే వెళ్లాను. లాలి మేకకూర వండి వడ్డించింది. హీరాలాల్ చుట్టాలందరికీ నలభై ఒకటి కథ చెప్పాడు. నేను కూర బాగుందని చెప్పి ఇంకో గరిటె వేయించుకున్నాను.

మాఘమాసంలో ఒకనాడు టిఫిన్ డబ్బాలు విప్పుకున్నప్పుడు హీరాలాల్ డబ్బాలో రొట్టె మాడి ఉంది.

"ఏంది, లాలి చెయ్యి గిట్ల తిరిగింది?" అన్నాను.

"నేను చేసిన భాయ్. ఆమెకు ఒంట్ల జర బాగుంటలేదు. మందు పని చేస్తున్నప్పుడు గట్లనే నీరసముంటది గదా."

"ఏం మందు?"

"మా యాడి ఇచ్చే వేరే. మూడు పొద్దులు గాదు, మనం ఎలుకలకు ఇచ్చినట్టు ఇరవై ఒక్క రోజులు. పుష్యమాసం సంది ఇస్తున్న. రెండు విడతలైపోయినయ్, ఇది మూడోది. ఆమె కార్జం కొంత గట్టిపడ్డది గదా, నలభై ఒకటి చొప్పున పెరిగినా ఏడాదిల కొత్తదైతది." వాడు వేళ్లు మడిచి లెక్క చెబుతున్నాడు.

"ఆపెయ్," అన్నాను. "ఈ రోజే ఆపెయ్. ఆ మిషన్ తప్పు చెప్పింది. ఆ వేరు విషం హీరా."

వాడు డబ్బా మూత పెట్టాడు. వాడికి కోపం రావడం నేను పందొమ్మిదేళ్లలో అదే చూడటం. "భాయ్, మిషన్ మీద నీకున్న కోపం మా యాడి మీదికి తేకు. ఆర్నెల్ల సంది ఇంటున్న. గుడ్డిదంటవ్, దొంగదంటవ్. పెద్ద పెద్దోళ్లు ఒప్పుకున్నదాన్ని నువ్వొక్కనివి ఒప్పుకోవు. ఏందిది?"

నిజమే కదా. వాడికి నేను చెప్పినవన్నీ తిట్లే. తిట్టేవాడి మాటకు ఏం విలువ? ఎంత చెప్పినా వినలేదు. ఆ మధ్యాహ్నమే సెలవు పెట్టి వెళ్లిపోయాడు. లాలికి ఫోన్ చేస్తే ఫోను వాడే ఎత్తి పెట్టేశాడు.

మర్నాడు ఆదివారం. పొద్దున్నే ల్యాబు తెరిపించి, పాత మైక్రోస్కోప్‌ను దుప్పట్లో చుట్టి స్కూటర్ వెనకాల తాడుతో కట్టుకున్నాను. స్లైడ్లు జేబులో పెట్టుకున్నాను. ఏన్కూరు దారిలో గుంతలెన్నో స్కూటర్‌కూ నాకూ తెలుసు. తండాకు చేరేసరికి ఎండ చుర్రుమంటోంది. లాలి వాకిట్లో నులకమంచం మీద కూర్చుని ఉంది. కళ్లు పచ్చగా ఉన్నాయి. పాదాలు ఉబ్బి ఉన్నాయి. మంచం పక్కన ఎత్తు పీట మీద మజ్జిగ గ్లాసు. నూరిన వేరు అడుగున ఎర్రగా పేరుకుని ఉంది. ఇంకా తాగలేదు.

"గ్లాసు ముట్టకు చెల్లె. ఫస్టు ఇది చూడు," అని మైక్రోస్కోప్ విప్పాను. హీరాలాల్ ఇంట్లోంచి వచ్చాడు కానీ తండావాళ్ల ముందు నన్ను పొమ్మనలేకపోయాడు.

లాలి పిల్లలకు అక్షరాలు నేర్పే మనిషి. మైక్రోస్కోప్‌లో కన్ను పెట్టి, చాలాసేపు చూసింది. మంచి కాలేయం స్లైడు చూసింది, తర్వాత వేరు తాగిన కాలేయం స్లైడు చూసింది. పెద్దవేవో చిన్నవేవో తనంతట తనే పట్టుకుంది. చిన్నవి ఎవరని అడిగింది. చెప్పాను. ఎవరింట్లోనన్నా చావైతే వచ్చే చుట్టాలని చెప్పాను.

"మరి మిషన్ వీటిని కూడా లెక్కల వేసుకుందా?"

"వేసుకుంది."

"గదంతా అబద్ధం లాలీ," అన్నాడు హీరాలాల్. "నూరుకు తొంభై ఏడు కలిసింది మిషన్ లెక్క. భాయ్‌కి అదంటే పడదు, గందుకే..."

లాలి చెయ్యెత్తి వాణ్ని ఆపింది. మైక్రోస్కోప్ మీంచి కన్ను తీసి నన్ను చూసింది. "చిన్నవి గూడ లెక్కపెట్టమని మిషన్‌కు ఎవరు చెప్పిన్రు అన్నా?"

అద్నాన్ అని చెప్పొచ్చు. నా నాలుక చివరి దాకా వచ్చింది కూడా. ఆ పిల్లవాడు గోధుమరంగంతా క్లిక్ కొట్టమన్నాడు కదా. కానీ అద్నాన్ పేరు చెబితే హీరాలాల్ మళ్లీ సవతి కోపమే అనుకుంటాడు. వాడు నమ్మే మాట నా దగ్గర ఒక్కటే మిగిలింది.

"నేనే చెప్పిన," అన్నాను.

"తెల్వకనా?"

"తెలిసే. వాళ్లు నన్ను జూసి నవ్విన్రని. మిషన్ నలుగుట్ల తప్పు గావాలని."

కోడి ఒకటి మంచం కింద గీరుతోంది. హీరాలాల్ గోడకు ఆనుకుని నేల మీద కూర్చున్నాడు. లాలి గొంతు పెంచలేదు.

"ఎప్పుడు?"

"శ్రావణంల."

"అంటే దీపావళికి మా ఇంటికొచ్చినప్పుడు నీకు తెల్సు."

"అవ్."

"నా చేతి అన్నం తిన్నవ్."

"అవ్."

"అప్పటికి నేను ఇంక మొదలుపెట్టలే అన్నా," అంది.

గ్లాసు తీసి, మంచం మీంచి వంగి, మజ్జిగ మట్టిలో పోసింది. వంగినందుకే ఆయాసం వచ్చింది. నేను మైక్రోస్కోప్ సర్దుకుంటుంటే హీరాలాల్ లేచి వచ్చాడు. కొడతాడనుకున్నాను, కొడితే బాగుండనుకున్నాను. వాడు మైక్రోస్కోప్‌ను స్కూటర్ మీద పెట్టి, తాడు రెండు చుట్లు చుట్టి గట్టిగా బిగించాడు. దారి బాగాలేదు కదా.

సోమవారం ఆతియా మేడం దగ్గరికి వెళ్లి అంతా చెప్పాను. ఆమె తనే స్లైడు పెట్టుకుని చూసింది. చూశాక తల పట్టుకుని కూర్చుంది. "ఒక్కమాట చెప్పకపోయారా మజహర్ భాయ్? నేను నవ్విన మాటకు నా మీద అరిస్తే పోయేది గదా," అంది. అది నిజం. అరిస్తే పోయేది. నేను తెలిసే తప్పు గుర్తులు పెట్టానని కాయితం మీద రాసి సంతకం చేశాను. ఆమె ఆ రోజే పేపర్ వెనక్కి తీసుకుంటున్నామని రాసింది. మిషన్ మీద వాడరాదని చీటీ అంటించింది. నా సంగతి మేనేజ్‌మెంటు తేలుస్తుందంది. అద్నాన్ ఫోన్ చేశాడు. తిట్టలేదు. "నేను అడిగిన గద అంకుల్," అన్నాడు. ఆ మాట ఒక్కటే అని పెట్టేశాడు.

లాలిని మొదట ఖమ్మం తీసుకుపోయారు, అక్కడినుంచి హైదరాబాద్. పెద్ద దవాఖానాలో సూది గుచ్చి కాలేయంలోంచి చిన్న ముక్క తీశారు. కాలేయం మళ్లీ పెరుగుతుందా లేదా అన్నదాని మీదే ఆమె బతుకు ఉందట. పెరిగే గుణం మిగిలి ఉంటే మందులతో లాక్కురావచ్చు, లేకపోతే వేరేవాళ్ల కాలేయం పెట్టాలి. అది దొరికేసరికి మనిషి ఉండాలి కదా.

పదకొండో రోజు మధ్యాహ్నం హీరాలాల్ ల్యాబుకు వచ్చాడు. గడ్డం పెరిగి ఉంది. జేబులోంచి కవరు తీసి నా బల్ల మీద పెట్టాడు. లోపల మైనం దిమ్మ ఉంది, చిటికెన వేలి గోరంత. అందులో సూది మందాన చిన్న బూడిదరంగు గీత. అది లాలి.

"డాక్టర్లు ఏందేందో చెప్తున్రు భాయ్, నాకు సమజైతలేదు. వేరేకాడ చూపించుకుంటమంటే ఇది ఇచ్చిన్రు," అన్నాడు. "నువ్వు చూసి చెప్పు."

ఆ దిమ్మను పలుచటి ముక్కలు కోసే మిషన్‌కు బిగించి కోశాను. మూడు ముక్కలు పాడయ్యాయి, నాలుగోది నిలిచింది. రంగు వేయడానికి మర్నాటి దాకా పట్టింది. హీరాలాల్ ఎక్కడికీ పోలేదు. ఖాళీ అయిన ఎలుకల గదిలో పడుకున్నాడు.

మర్నాడు స్లైడు మైక్రోస్కోప్ కింద పెట్టి, కౌంటరు ఎడమ చేతిలోకి తీసుకున్నాను. ఉన్నంతమేర మొత్తం చూశాను. మళ్లీ మొదటినుంచి చూశాను. చిన్నవి ముసురుకుని ఉన్నాయి. పెద్దవాటిలో గోధుమ చుక్క కోసం ఒక్కో వరసా వెతికాను. కౌంటరు ఏడుసార్లు నొక్కాను. ఎనిమిది వందల్లో ఏడు.

"ఎంతొచ్చింది?" అన్నాడు హీరాలాల్.

"నూరుకు ఒకటి గూడ లేదు హీరా."

"ఈసారి నిజమే చెప్తున్నవా?"

"నిజమే చెప్తున్న."

వాడు మూలనున్న కంప్యూటర్ దగ్గరికి నడిచి, దాని మీద చీటీని చూశాడు.

"దీంట్ల పెట్టు భాయ్."

"అది తప్పు చెప్తది. నీకు తెల్సు గదా."

"తెల్సు. లాలికి గూడ తెల్సు. కళ్యాణికి తెల్వదు. పొద్దుకు పదిసార్లు ఫోన్ చేస్తది. అమ్మ కార్జం ఎంత పెరిగింది నాన్నా అంటది. నేనేం చెప్పాలె? పెట్టు."

చీటీ ఊడదీశాను. స్లైడు లోపల పెట్టాను. నాలుగు నిమిషాలు పట్టింది. తెర మీద లాలి కాలేయం అడుగు వెడల్పున పరుచుకుంది. చిన్న చుక్కలన్నిటి చుట్టూ పచ్చటి గీతలు ఒక్కొక్కటే చుట్టుకున్నాయి. కింద అంకె వచ్చింది. నూటికి యాభై మూడు.

హీరాలాల్ ఫోన్ తీసి ఆ అంకెను ఫోటో కొట్టాడు. సరిగా రాలేదని మళ్లీ కొట్టాడు. ఫోన్ నా ముందు పెట్టి, "మంచిగ కనవడుతుందా భాయ్?" అని అడిగాడు.

కనపడుతోందని చెప్పాను.